పదిహేడో తప్పు

జనవరి 6, 2025

రత్నం పాస్టరు గారు ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. నిండా ఉత్తరాలు, చింపిన నోటుబుక్కు కాగితాలు. క్రిస్మస్‌కు మా ప్రెస్సులోనే అచ్చయిన ఆయన పుస్తకం, "పుట్టుక వెనుక పని", వెయ్యి కాపీలూ అయిపోయాయట. రెండో ముద్రణలో వెనక పేజీల్లో పాఠకుల అభిప్రాయాలు వేయాలట. "తిట్టినవాళ్ళవి కూడా వేద్దామమ్మా. పొగిడినవే వేస్తే నేనే రాసుకున్నానంటారు" అన్నారు. ఆయన గుంటూరు వైపు మనిషి. నిజామాబాద్ వచ్చి ఇరవై ఏళ్ళయినా మాట మారలేదు.

ఆ పుస్తకం మొత్తం టైప్ చేసింది నేనే. అందులో ఏముందో మాత్రం నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళి పత్రికలు, అర్జీలు, కరపత్రాలు, అన్ని మతాల దేవుళ్ళ పుస్తకాలు ఇట్లాగే కొడుతున్నాను. చదవడం మొదలుపెడితే వేళ్ళు ఆగుతాయి, అందుకని చదవను. మా ఓనరు అయ్యూబ్ భాయ్ కొత్తవాళ్ళకు నన్ను చూపించి చెప్పే మాట కూడా ఇదే: "వాజిదా మిషన్ అన్నట్టు. చదవది, కొడుతది."

చెల్లెలు రుమానా ఫోన్ చేసింది. ఎత్తలేదు.

జనవరి 8

ఇవాళ పదకొండు అభిప్రాయాలు కొట్టాను. వీటిని చదవక తప్పడం లేదు. అచ్చుకు ఇచ్చేవాళ్ళలో ఒక్కరికీ మంచి చేతిరాత ఉండదు.

భీమ్‌గల్ నుంచి ఒక నర్సు. ఉద్యోగం మానేద్దామనుకున్న వారంలోనే ఈ పుస్తకం చేతికి వచ్చిందట, తనను నిలబెట్టిందట. నాలుగు పేజీలు రాసింది. అందులో మూడు ఏడుపే.

వేల్పూర్ రైతు ఒకాయన: "నా పుట్టుకకు ఒక ఉద్దేశం ఉన్నదని రాసిండ్రు, సంతోషం. పసుపుకు ధర ఎప్పుడొస్తదో గది గూడ రాస్తే ఇంకింత సంతోషం."

ఇంకో చర్చి పాస్టరు: వాక్యం తక్కువ, కథలు ఎక్కువ. ఇది చదివి ఎవరూ రక్షణ పొందరు.

రేణుకమ్మ అనే ఆమె ఎవరిచేతనో రాయించింది: "మా వాకిట్ల కూసొని ఒక పిల్ల సదువుతాంటే పది మందిమి బీడీలు జేసుకుంట ఇన్నం. రెండో పాఠం దాక మంచిగున్నది. మూడో పాఠంల నిద్రొచ్చింది."

బోధన్ నుంచి పేరు లేని కాగితం ఒకటి: "దేవుడు ప్రతి మనిషిని ఒక పని కోసం పుట్టిస్తడని రాసిండ్రు. నేను చెరుకు ఫ్యాక్టరీల ఇరవై ఆరేండ్లు పాకం సూసిన. రంగు సూసి చెప్పేటోన్ని, అయిందా కాలేదా అని. ఫ్యాక్టరీ మూతవడ్డది. నా పని అయిపోయినట్టా, నేను అయిపోయినట్టా? గిది ఏ పేజీల ఉన్నదో చెప్పగలరు."

అది కొట్టాక లేచి వెళ్ళి టీ తాగి వచ్చాను.

జనవరి 9

రుమానా ఫోన్. ఎత్తలేదు.

జనవరి 11

ఈ నోటుబుక్కు తెలుగులో ఎందుకు రాస్తున్నానా అని ఇవాళ అనిపించింది. మా ఇంట్లో తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. బోధన్‌లో మా ఇంటి వెనకే తెలుగు బడి ఉండేది, అమ్మీ నన్ను అందులో వేసింది. చెల్లెలు రుమానాను ఇంగ్లీషు మీడియంలో వేశాం. మా అబ్బా చనిపోయేసరికి నాకు పదిహేడు, దానికి ఏడు. నేను ఇంటర్ సగంలో ఆపి టైపింగ్ నేర్చుకున్నాను. దాని చదువు ఆగలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఫిజిక్స్ లెక్చరర్. నాకు పెళ్ళి సంబంధాలు వచ్చిన రోజుల్లో అది డిగ్రీలో ఉంది, అవి అట్లాగే వచ్చి అట్లాగే పోయాయి.

నవంబర్ 10న అమ్మీ చెహల్లుం. అమ్మీ పోయిన నలభయ్యో రోజు భోజనాల్లో ఎవరో పిన్ని వరస ఖాలా నా సంగతి అడిగితే రుమానా చెప్పింది: "ఆపా జిందగీ ఇట్లనే అయిపోయింది ఖాలా. తనకంటూ ఏం చేసుకోలే." ఉర్దూలో అంది, నేను తెలుగులో రాస్తున్నాను. ప్లేట్లు అందిస్తూ విన్నాను. వెక్కిరించి ఉంటే తిరిగి ఒకటి అనేదాన్ని. జాలిపడి అంది.

ఇప్పుడు ఇల్లు ఖాళీ చేసి వచ్చి తనతో ఉండమంటుంది. ఈ ఫోన్లన్నీ అందుకే. నాకు కోపమేమీ లేదు. తీరిక లేదు, అంతే.

జనవరి 20

ఒక పెద్దాయన ప్రెస్సుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒకటి ఎరుపు. పేరు హన్మాండ్లు. ముప్పై మూడేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాడట.

"గీ పుస్తకం కొట్టింది ఎవరమ్మా?"

నేనే అన్నాను.

"చదివి కొట్టినవా, కొట్టి చదివినవా?"

"రెండూ లేదు సార్."

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. నలభై మూడు తప్పులు, పేజీ నంబర్లతో, కింద వినాయక్‌నగర్ అడ్రసుతో. అక్షరాలు ఎంత తిన్నగా ఉన్నాయంటే నేను అనవసరంగా లోకాన్ని ఆడిపోసుకున్నాననిపించింది. విషయం మీద మీ అభిప్రాయం కూడా రాసివ్వండి సార్, అందరివీ వేస్తున్నాం అన్నాను.

"ముందుగాల తప్పులు లేకుంట అచ్చు వెయ్యిండ్రి. విషయం సంగతి తర్వాత చూస్త."

పదిహేడో తప్పు చూపించడానికి సంచిలోంచి తన పుస్తకం తీశాడు. నూట పన్నెండో పేజీ. "నీ జీతం ఎవరి కోసమో తెలుసుకున్న రోజే నీవు స్వతంత్రుడవు." వాక్యం కింద ఎర్ర గీత ఉంది.

"జీవితం అని ఉండాలె. వి ఎగిరిపోయింది. ఒక్క అక్షరం పోతే అర్థం ఎక్కడికెళ్ళి ఎక్కడికి పోయిందో చూడు."

గీత మీరు గీసిందేనా అని అడిగాను.

"నాది కాదు. పుస్తకం పోస్టుల వచ్చింది, పంపినోళ్ళ పేరు లేదు. కవర్ మీద కందకుర్తి అని రాసి ఉన్నది, మా సొంతూరు. నా దగ్గర చదువుకున్నోడు ఎవడో అయి ఉంటడు. ఒక్క తప్పు పట్టి గీత గీసి, కడమయి మీరు పట్టుండ్రి సార్ అని పంపినట్టున్నడు. నలభై రెండు ఇడిసిపెట్టిండు గాడిద." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం సంతోషంగా ఉంది.

ఆయన వెళ్ళాక అయ్యూబ్ భాయ్ పట్టిక చూసి, కాపీలన్నీ అమ్ముడుపోయినంక తప్పులెక్కడివి అన్నాడు. పట్టికను డ్రాయర్‌లో పెట్టాను.

జనవరి 21

వి కీ సరిగా పడడం లేదు. కీబోర్డు పాతదైపోయింది. తప్పంతా నాదే అంటే ఎట్లా.

రుమానా ఫోన్. ఎత్తలేదు.

జనవరి 24

పాస్టరు గారు ఒక వాయిస్ మెసేజ్ పంపారు. "ఇదీ అభిప్రాయమేనమ్మా. సగం నాకు అర్థం కాలేదు. నువ్వు విని కొట్టు" అన్నారు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆపుతూ ఆపుతూ కొట్టాను. కొట్టింది ఇక్కడ కూడా రాస్తున్నాను.

"నమస్తే సారు. నా పేరు భూమన్న. మాది కందకుర్తి. నాకు సదువు రాదు. మా మనుమరాలు నవత బోధన్ల మీ చర్చి కాడ కుట్టుపని నేర్సుకుంటది. గాడ ఈ పుస్తకం ఇచ్చిండ్రట. పిల్ల సదివితె ఇన్న. నాకు ఏడేండ్లున్నప్పుడు మా బాపు నన్ను పటేలింట్ల జీతం పెట్టిండు. బర్లు కాసిన, పెండ తీసిన, గాడ్నె పన్న. పదహారేండ్లు. మా తమ్ముణ్ణి మాత్రం బడికి తోలిండు. నేను బర్ల ఎన్క పోతాంటే వాడు పలక వట్టుకొని ఎదురొచ్చేటోడు. వాడు పెద్ద సారైండు. బాపు సచ్చిన దినాలల్ల, పది మందిల, 'మా అన్నకేం తెలుసు, బర్లకాడ పెరిగినోడు' అన్నడు. గప్పటిసంది మాట్లాడలే. ఇరవై యాడాదులైంది. గని సారు, గీ పుస్తకంల ఒక మాట ఉన్నది. నీ జీతం ఎవరి కోసమో తెలుసుకున్న రోజే నీవు స్వతంత్రుడవు. మూడుసార్లు సదివిచ్చుకున్న. ఇన్నొద్దులు నేను పటేల్‌కు జీతం ఉన్న అనుకున్న. పటేల్‌కు కాదు గదా. నేను గాడ ఉంటెనే గదా వాడు బడికి పోయిండు. పుస్తకం తమ్మునికి పంపిన. గా మాట కింద ఎర్ర గీత గీపిచ్చిన. పేరు రాపియ్యలే. గీత సూస్తె తెలుస్తది, సదువుకున్నోడు. జవాబు కోసం సూస్తున్న. ఇంక రాలే. గిదే సారు నా అభిప్రాయం."

"బర్లకాడ పెరిగినోడు" దగ్గర నాలుగుసార్లు వెనక్కి జరిపి విన్నాను. సరిగా వినపడక.

ఆయన ఎదురుచూస్తున్న జవాబు నా డ్రాయర్‌లో ఉంది. పదిహేడు. పుట 112. "జీతం" కాదు, "జీవితం" అని ఉండవలెను.

జనవరి 25

నాకెందుకు.

జనవరి 27

భూమన్న అభిప్రాయంలో ఆ వాక్యాన్ని దిద్ది చూశాను. "నీ జీవితం ఎవరి కోసమో" అని పెట్టి కింద ఆయన మాటలు చదివాను. పటేలు, బర్లు, పలక, దేనికీ దేనితో పొత్తు కుదరలేదు. మళ్ళీ "వి" తీసేశాను.

పాస్టరు గారు వచ్చినప్పుడు చెప్పాను. "అయ్యగారూ, నూట పన్నెండులో తప్పు నాది."

"తప్పుదేముందమ్మా, దిద్దుదాం."

"అది కాదు. ఈ ముసలాయన ఆ తప్పునే పట్టుకున్నడు."

మెసేజ్ మళ్ళీ వినిపించాను. "జీతం అంటే నెల జీతమే కదా?" అన్నారు.

"కాదు అయ్యగారూ. ఇక్కడ జీతం ఉండుడు అంటే పెద్దోళ్ళింట్ల ఏడాదికని పనికి కుదురుడు. అక్కడ్నే తినాలె, అక్కడ్నే పండాలె. ఏడెనిమిదేండ్ల పిల్లలను గూడ పెట్టేటోళ్ళు."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "అంటే నేను రాయని మాటకు ఈయన మారాడన్నమాట" అన్నారు. "అందరివీ వేద్దామన్నాను గానీ, అచ్చుతప్పు మీద నిలబడ్డ సాక్ష్యం ఎలా వేస్తామమ్మా? జనం నవ్వుతారు. పాపం, పెద్దాయన. ఇదొక్కటీ ఆపేయ్" అన్నారు.

తిట్టిన పాస్టరుది ఉంటుంది, నిద్రపోయిన రేణుకమ్మది ఉంటుంది. ఈయనది ఉండదు. పైగా పాపం అట. ఈ మధ్య ఎవరైనా పాపం అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

రుమానా ఫోన్. ఎత్తలేదు.

జనవరి 31

శుక్రవారం, జుమ్మా. మధ్యాహ్నం ప్రెస్సు మూసేస్తాం. వినాయక్‌నగర్‌లో పని ఉండి వెళ్ళాను. పని ఏమీ లేదు. ఇక్కడైనా నిజం రాసుకోవాలి.

హన్మాండ్లు సార్ వరండాలో పేపర్ చదువుతున్నాడు, చేతిలో ఎర్ర పెన్ను. పేపర్‌లో కూడా దిద్దుతాడనుకుంటాను.

"ఏమమ్మా, ఇంకా తప్పులేమన్న దొరికినయా?"

"ఒకటి దొరికింది సార్. మీ పట్టికల."

ఆయనకు ఆ మాట రుచించలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి మెసేజ్ నొక్కాను.

"నమస్తే సారు. నా పేరు భూమన్న." ఆ గొంతు వినగానే ఆయన పేపర్ మడిచాడు. తర్వాత ఎక్కడా కదల్లేదు. బర్లకాడ పెరిగినోడు అన్నచోట పెన్నుకు టోపీ పెట్టాడు. ఎర్ర గీత అన్నచోట నా వైపు చూసి, మళ్ళీ ఫోన్ వైపు చూశాడు. అయిపోయాక, "మల్ల పెట్టు" అన్నాడు. మళ్ళీ పెట్టాను.

"గా మాట నేనన్నట్టు నాకు యాదికి లేదు" అన్నాడు.

ఫోన్ తీసి సంచిలో పెట్టుకున్నాను.

"గిది అచ్చుతప్పని మా అన్నకు తెలుసా?"

"తెల్వదు సార్. తప్పు చేసింది నేను. మీరు చెప్పమంటే పోయి చెప్త."

లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన భార్య టీ తెచ్చి ఇచ్చింది. తాగి, కప్పు బల్ల మీద పెట్టి, ఇంకాసేపు కూర్చున్నాను. ఆయన బయటికి రాలేదు. అనవసరంగా వెళ్ళాను. ఒకరింటి గొడవలో తలదూర్చడం నా అలవాటు కాదు.

యాదికి లేదన్నాడు. అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు. పడ్డవాళ్ళకు ఉన్నంత గట్టిగా అన్నవాళ్ళకు యాదికి ఉండదేమో. చెహల్లుం నాటి మాట రుమానాకు యాదికి ఉందో లేదో.

ఫిబ్రవరి 3

పసుపు సీజన్, మార్కెట్ యార్డు వాళ్ళ రసీదు బుక్కులు. రోజంతా అంకెలే. హాయిగా ఉంది.

రుమానా ఫోన్ రాలేదు.

ఫిబ్రవరి 5

రాలేదు.

ఫిబ్రవరి 7

ప్రెస్సు పేర పోస్టు కార్డు వచ్చింది. తిన్నని అక్షరాలు.

"ముద్రణాలయం వారికి. నేను మీకు సమర్పించిన తప్పుల పట్టికలో పదిహేడవది తప్పు. దానిని కొట్టివేయగలరు. మొత్తం తప్పులు నలభై రెండుగా గ్రహించగలరు. ఇట్లు, హన్మాండ్లు, విశ్రాంత తెలుగు పండితుడు."

అయ్యూబ్ భాయ్ విని, "ఒకటి తగ్గింది, మంచిదే" అన్నాడు. పట్టిక తీసి పదిహేడో వరుసను కొట్టేశాను. స్కేలు పెట్టి కొట్టేశాను, ఆయన కాగితం పాడుచేయడం ఇష్టం లేక.

ఫిబ్రవరి 10

నవత మెసేజ్. మూడు నిమిషాలు.

"మేడం, నేను కందకుర్తి నవతను. మీ నంబర్ పాస్టర్ సార్ ఇచ్చిండు. నిన్న చిన్న తాత వచ్చిండు మేడం. ఆటో దిగి వాకిట్ల నిలవడ్డడు. మా తాతకు కండ్లు మంచిగ అవుపడయ్, ఎవలు అన్నడు. 'నేనే అన్నా' అన్నడు. మల్ల ఇద్దరు లోపటికి పోయి కూసున్నరు. తిన్నరు. తిన్నంక చిన్న తాత పుస్తకం తీసి, నువ్వు జరుగు బిడ్డా, నేను సదువుత అన్నడు. మొదటికెళ్ళి సదివిండు మేడం. ఆగుకుంట, గిక్కడ తప్పు పడ్డది, గిది గిట్ల కాదు అని తాతకు చెప్పుకుంట, దిద్దుకుంట సదివిండు. మా తాతకేమో సగం నిద్ర. ఎర్ర గీత కాడికి వచ్చినంక చిన్న తాత ఆగిండు. ఆగి, నీ జీతం ఎవరి కోసమో అని ఉన్నదున్నట్టే సదివిండు. గాడ దిద్దలే. మా తాత కండ్లు తెరిచి, 'నీ కోసమేరా' అన్నడు. చిన్న తాత ఇగ సదువలే మేడం. పుస్తకం అట్లనే ఒళ్ళె పెట్టుకొని కూసున్నడు."

ఇది టైప్ చేయాల్సిన అవసరం లేదు. అయినా ఆపుతూ ఆపుతూ విన్నాను.

ఫిబ్రవరి 12

పాస్టరు గారికి కార్డు చూపించి, నవత మెసేజ్ వినిపించాను. చాలాసేపు ఫోన్ చేతిలోనే పట్టుకున్నారు. "భూమన్న గారిది వెయ్యమ్మా. అందులో ఆ మాట దిద్దకు. నా పేజీలో మాత్రం దిద్దు. నేను రాసింది నేను రాసిందే కదా" అన్నారు. బోధన్ పాకం మనిషికి ఏం జవాబు ఇస్తారని అడిగాను. ఆ పేజీ ఇంకా రాయలేదన్నారు. అది నాకు నచ్చింది.

నూట పన్నెండో పేజీ ఉన్న ఏడో అధ్యాయం ఫైలు తెరిచాను. పక్కన తేదీ కనిపించింది. నవంబర్ 11. చెహల్లుం మరుసటి రోజు పొద్దున వచ్చి కూర్చుని కొట్టిన పేజీలవి. ఆ రోజు అయ్యూబ్ భాయ్ ఇంటికి వెళ్ళమన్నాడు, నేను వెళ్ళలేదు.

వి కీ బాగానే ఉంది. ఎప్పుడూ బాగానే ఉంది.

"జీ" పక్కన "వి" పెట్టాను. తర్వాత ఒకటో పేజీకి వెళ్ళి చదవడం మొదలుపెట్టాను. రెండో అధ్యాయం దాకా బాగుంది. మూడో అధ్యాయం గురించి రేణుకమ్మ రాసింది నిజమే.

మధ్యలో ఆపి రుమానాకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"ఆపా? మంచిగున్నవా? టైపింగ్‌ల ఉన్నవా?"

"లేదు. చదువుతున్న."

చెహల్లుం నాడు ఖాలాతో నువ్వొక మాట అన్నావు అన్నాను. ఏం మాట అంది. నిజంగానే యాదికి లేదు. ఏం లేదులే అందామని నోటిదాకా వచ్చింది.

"నాకంటూ ఏం చేసుకోలే అన్నవ్. చేసుకున్న. నిన్ను చదివించుకున్న."

రుమానా ఏడ్చింది. నేను ఏడవలేదని రాయబోయాను. ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు ఎవరూ లేరు, ఇక ఎవరి కోసం అట్లా రాయడం.